హీటరు చల్లబడి, ఇంజను వేడెక్కితే... పాత జీపు శీతలీకరణ వ్యవస్థలో లోప నిర్ధారణ

వ్యవసాయ విస్తరణకూ జీపుకూ గల అనుబంధం పాతది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన కాలం నుండి బ్లాకు కార్యాలయపు జీపు గ్రామీణులకు సుపరిచితమైన వాహనం. నేటికీ రోడ్డు సరిగా లేని గూడేలకు విత్తనాలు, మొక్కలు, పనిముట్లు చేరవేయడానికీ, కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం వంటి ఉత్పత్తులను సంతకు తరలించడానికీ పాత డీజిలు జీపులే ఆధారం. విశాఖ మన్యంలోని పాడేరు, చింతపల్లి, లంబసింగి ప్రాంతాలలో ఈ వాహనాలు ఒకే ప్రయాణంలో రెండు కఠిన పరీక్షలను ఎదుర్కొంటాయి. ఘాటు ఎక్కేటప్పుడు పూర్తి బరువుతో, తక్కువ గేరులో, తక్కువ వేగంతో ఇంజను శ్రమిస్తుంది. పైకి చేరిన తరువాత డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున పొగమంచు, చలి చుట్టుముడతాయి.

ఇటువంటి వాహనాలలో తరచుగా వినవచ్చే ఫిర్యాదులు రెండు. మొదటిది, హీటరు నుండి వేడిగాలి రావడం లేదన్నది. రెండవది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతున్నదన్నది. మొదటిదానిని సుఖానికి సంబంధించిన చిన్న లోపంగా వదిలివేసి, రెండవదానికి మాత్రమే మెకానిక్కును ఆశ్రయించడం పరిపాటి. ఇది సరికాదు. హీటరు వేడిగాలి లేకపోతే ముందు అద్దం లోపలి వైపు ఆవిరి పట్టి, ఘాటు మలుపులలో దారి కనిపించదు. అంతకంటే ముఖ్యంగా, హీటరుకు వేడిని అందించేదీ, ఇంజను వేడిని తొలగించేదీ ఒకే నీరు. అందువల్ల ఈ రెండు ఫిర్యాదులనూ విడివిడిగా కాక, ఒకే నీటి వలయం చూపే రెండు లక్షణాలుగా కలిపి చదవాలి. అలా చదివితే ఒక్క భాగమైనా విప్పకముందే లోపం ఏ వైపున ఉన్నదో చాలావరకు తెలుసుకోవచ్చు.

పైరులో ఆకు పసుపు రంగుకు మారగానే యూరియా చల్లమని శాస్త్రవేత్త సలహా ఇవ్వడు. ముదురాకా, లేతాకా, ఈనెల మధ్యనా, అంచుననా, నీరు నిలిచిందా, వేరు కుళ్ళిందా అని చూసిన తరువాతే సిఫారసు చేస్తాడు. యంత్రం విషయంలో మాత్రం ఈ క్రమశిక్షణ తరచుగా లోపిస్తుంది. ఇంజను వేడెక్కగానే రేడియేటర్ మార్చడం, అది ఫలించకపోతే వాటర్ పంపు మార్చడం, చివరకు థర్మోస్టాట్ పీకి పారవేయడం జరుగుతున్నది. ఖర్చు పెరిగినా లోపం అలాగే ఉంటుంది. ఈ వ్యాసంలో లక్షణాల ఆధారంగా, తేలికైన పరీక్షల నుండి కష్టమైన పరీక్షల వైపు సాగే నిర్ధారణ విధానాన్ని వివరిస్తున్నాము.

నీరు నడిచే దారి

డీజిలు ఇంజనులో ఇంధనం విడుదల చేసే వేడిలో స్థూలంగా మూడో వంతు పనిగా మారుతుంది. మరొక మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతో వెళ్ళిపోతుంది. మిగిలినదానిలో అధిక భాగాన్ని శీతలీకరణ నీరు మోసుకుపోవాలి. వాటర్ పంపు ఈ నీటిని సిలిండరు బ్లాకులోకి నెడుతుంది. నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి, సిలిండరు హెడ్డు గుండా పైకి వచ్చి థర్మోస్టాట్‌ను చేరుతుంది. ఇక్కడి నుండి దానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది బైపాస్ దారి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకొని ఉంటుంది కనుక నీరు రేడియేటర్‌కు పోకుండా ఈ దారిలో తిరిగి పంపుకు చేరుతుంది. రెండవది రేడియేటర్ దారి. థర్మోస్టాట్ లోపలి మైనం నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద కరిగి, వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. అప్పుడు నీరు పై హోస్ ద్వారా రేడియేటర్‌లోకి వెళ్ళి, చల్లబడి, కింది హోస్ ద్వారా పంపుకు వస్తుంది. మూడవది హీటరు దారి. చాలా వాహనాలలో ఇది థర్మోస్టాట్‌కు ముందే విడిపోతుంది. అందుచేత థర్మోస్టాట్ మూసి ఉన్నా, తెరిచి ఉన్నా, హీటరు కుళాయి తెరిచినంత సేపూ వేడినీరు దానిలోకి ప్రవహిస్తూనే ఉంటుంది.

హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. అయితే దాని స్వభావంలో రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. దాని గొట్టాలు సన్ననివి కనుక తుప్పు, మడ్డి, సున్నపు పొర చేరితే ముందుగా అదే మూసుకుపోతుంది. అది డ్యాష్‌బోర్డు వెనుక, వలయంలో ఎత్తైన చోట్లలో ఒకటిగా ఉండటం వల్ల నీటి మట్టం తగ్గినప్పుడు గాలి తరచుగా అక్కడే చిక్కుకుంటుంది. ఈ కారణాల వల్ల వలయంలో ఏర్పడే లోపాన్ని హీటరు చాలాసార్లు ఇంజను కంటే ముందే తెలియజేస్తుంది.

రెండు లక్షణాలను కలిపి చదవడం

హీటరు కుళాయిని పూర్తిగా తెరిచి, బ్లోయర్‌ను నడిపి, వాహనాన్ని కనీసం 20 నిమిషాలు బరువుతో నడిపిన తరువాత హీటరు గాలినీ, టెంపరేచర్ మీటరు ముల్లునూ ఒకేసారి గమనించాలి. నాలుగు స్థితులు సంభవిస్తాయి.

1. హీటరు గోరువెచ్చన, ముల్లు కిందనే: ఇంజను తన పని ఉష్ణోగ్రతకు చేరడం లేదు. థర్మోస్టాట్ తెరుచుకొని బిగుసుకుపోయి ఉండాలి, లేదా ఎవరో దానిని తీసివేసి ఉండాలి. వేసవిలో ఈ లోపం ఎవరి దృష్టికీ రాదు. చలికాలంలో హీటరే దీనిని బయటపెడుతుంది.

2. హీటరు చల్లన, ముల్లు పైన: ఇది అత్యంత ప్రమాదకరమైన స్థితి. ఇంజనులో వేడి ఉన్నది, కాని దానిని మోసుకుపోయే నీరు హీటరు వరకు రావడం లేదు. నీరు తగ్గిపోవడం, గాలి చిక్కుకోవడం, పంపు నీటిని నెట్టలేకపోవడం, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని మండిన వాయువులు నీటిలోకి చొరబడటం దీనికి కారణాలు. వాహనాన్ని వెంటనే ఆపాలి.

3. హీటరు బాగా వేడిగా, ముల్లు పైన: నీరు తిరుగుతున్నది కాని వేడి బయటికి పోవడం లేదు. లోపం రేడియేటర్ వైపున ఉన్నది. రేకుల మధ్య మట్టి, ఫ్యాన్ బెల్టు జారడం, గొట్టాలు పూడుకుపోవడం, థర్మోస్టాట్ మూసుకొని బిగుసుకుపోవడం వీటిలో ఏదో ఒకటి కావచ్చు. ఈ స్థితిలో హీటరును, బ్లోయర్‌ను పూర్తిగా తెరిస్తే కొంత వేడి క్యాబిన్‌లోకి మళ్ళి ముల్లు కిందికి దిగుతుంది. దారిలో చిక్కుకున్నప్పుడు సురక్షిత స్థలానికి చేరడానికి ఇది తాత్కాలిక ఉపాయం మాత్రమే.

4. హీటరు గోరువెచ్చన, ముల్లు మధ్యన: ఇంజను ఆరోగ్యంగా ఉన్నది. లోపం హీటరు శాఖకే పరిమితం. కుళాయి తీగ జారడం, హీటరు గొట్టాలు పూడుకుపోవడం, వేడిగాలిని మళ్ళించే తలుపు సరిగా మూసుకోకపోవడం, బ్లోయర్ మందగించడం పరిశీలించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మీటరుకు సమాచారం అందించే సెన్సారు నీటిలో మునిగి ఉన్నంత వరకే నిజం చెబుతుంది. నీటి మట్టం బాగా తగ్గి సెన్సారు గాలిలో తేలితే, లోపల ఇంజను మాడుతున్నా ముల్లు కిందికి పడిపోవచ్చు. కనుక ముల్లు ఒక్కసారిగా పడిపోయి, అదే సమయంలో హీటరు గాలి చల్లబడితే దానిని ఉపశమనంగా భావించరాదు. అది రెండవ స్థితి ముదిరిందనడానికి గుర్తు.

ఎప్పుడు వేడెక్కుతున్నది?

లక్షణం ఎంత ముఖ్యమో, అది కనిపించే సందర్భమూ అంతే ముఖ్యం. నిలిచి ఉన్నప్పుడు, సంతలో నెమ్మదిగా కదిలేటప్పుడు వేడెక్కి, రోడ్డుపై వేగం అందుకోగానే చల్లబడితే గాలి ప్రవాహం చాలడం లేదని అర్థం. ఫ్యాను, బెల్టు, ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు పరీక్షించాలి. వేగం పెరిగినప్పుడు, లేదా ఘాటులో బరువు పడినప్పుడు మాత్రమే వేడెక్కితే రేడియేటర్ సామర్థ్యాన్ని, నీటి ప్రవాహాన్ని అనుమానించాలి. ఇంజను వేగం పెంచినప్పుడు కింది హోస్ లోపలికి ముడుచుకుపోతుంటే పంపు పీల్చే వైపున దారి మూసుకుపోతున్నట్లే. పాత హోస్‌లో లోపలి స్ప్రింగు తుప్పుపట్టి విరిగినప్పుడు ఇలా జరుగుతుంది. చల్లటి ఇంజనును ప్రారంభించిన ఒకటి రెండు నిమిషాలలోనే పై హోస్ గట్టిపడి ఉబ్బితే, నీరు ఇంకా వేడెక్కలేదు కనుక ఆ ఒత్తిడి ఆవిరిది కాదు. సిలిండరు నుండి వస్తున్న వాయువులది.

ఖర్చులేని పరీక్షలు

అన్నింటికంటే ముందు భద్రత. వేడి ఇంజనుపై రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితులలోనూ తీయరాదు. ఒత్తిడిలో ఉన్న నీరు 100 °సెం. దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, నీరు ఒక్కసారిగా ఆవిరిగా మారి ముఖంపైకి, చేతులపైకి చిమ్ముతుంది. పై హోస్‌ను చేతితో నొక్కితే మెత్తగా, చల్లగా ఉన్నప్పుడే మూత తెరవాలి.

నీటి మట్టం, రంగు: చల్లటి స్థితిలో మూత తీసి చూడాలి. తుప్పు రంగు నీరు కూలెంట్ లేదనడానికీ, నూనె తెట్టు కనిపిస్తే గ్యాస్కెట్ లేదా ఆయిల్ కూలర్ లోపానికీ సూచన. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే ఇంజనును మళ్ళీ ప్రారంభించరాదు.

కారుడు: వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తడి గాని, ఎండిన తెల్లని చార గాని ఉంటే పంపు సీలు అరిగినట్లు. ముందు సీట్ల వద్ద కాళ్ళ కింద తడి, తియ్యని వాసన, అద్దంపై జిడ్డు ఆవిరి ఉంటే హీటరు కోరు కారుతున్నది.

రేడియేటర్ ముఖం: ఒక వైపు టార్చి వెలిగించి మరొక వైపు నుండి చూడాలి. వెలుతురు కనిపించని మేర గాలి కూడా ప్రవేశించదు. ఏసీ అమర్చిన వాహనాలలో కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చేరిన బురద పైకి కనిపించదు కనుక రెండింటి మధ్య సందును ప్రత్యేకంగా చూడాలి. కడిగేటప్పుడు ఇంజను వైపు నుండి బయటికి, తక్కువ ఒత్తిడితో నీరు పట్టాలి. ఎక్కువ ఒత్తిడి రేకులను వంచివేస్తుంది.

ఫ్యాన్ బెల్టు: రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సాధారణంగా 10 నుండి 12 మి.మీ. కంటే ఎక్కువ కుంగరాదు. లోపలి అంచులు అద్దంలా నున్నగా మెరుస్తుంటే బెల్టు జారుతున్నదని గుర్తించాలి.

రేడియేటర్ మూత: ఈ వ్యవస్థలో అతి చౌకైన భాగాలలో ఒకటి, అతి తక్కువగా గుర్తింపు పొందినది ఇదే. సముద్ర మట్టం వద్ద నీరు 100 °సెం. వద్ద మరుగుతుంది. లంబసింగి వంటి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో 97 °సెం. వద్దనే మరుగుతుంది. అక్కడ 0.9 బార్ ఒత్తిడిని నిలిపే మూత ఉంటే మరిగే స్థానం దాదాపు 117 °సెం.కు పెరుగుతుంది. మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే ఈ 20 డిగ్రీల రక్షణ పూర్తిగా పోతుంది. మైదానంలో ఏ ఇబ్బందీ లేని వాహనం ఘాటు పైన నీరు కక్కడానికి ఇది ఒక ముఖ్య కారణం. మూతపై ముద్రించిన ఒత్తిడి విలువ వాహన పుస్తకంలోని విలువతో సరిపోవాలి. రక్షణ పెరుగుతుందని ఇంకా ఎక్కువ ఒత్తిడి మూత అమర్చితే పాత రేడియేటర్ అతుకులు, హీటరు కోరు పగులుతాయి.

అంకెలతో నిర్ధారణ

పైరు పందిరి ఉష్ణోగ్రతను కొలవడానికి పరిశోధన స్థానాలలో వాడే పరారుణ ఉష్ణమాపకమే ఇక్కడా ఉపయోగపడుతుంది. అయితే మెరిసే ఇత్తడి, అల్యూమినియం ఉపరితలాలపై ఇది అసలు కంటే తక్కువ విలువను చూపుతుంది. కనుక నల్లని రబ్బరు హోస్ మీద గాని, లోహంపై అంటించిన నల్లని టేపు మీద గాని కొలవాలి. పరికరంలో ఉద్గారత విలువ మార్చే వీలుంటే 0.95గా ఉంచాలి. తిరిగే ఫ్యాను, బెల్టుల దగ్గరకు చేతులు, కండువాలు, వదులు దుస్తులు రాకుండా జాగ్రత్తపడాలి.

మొదట చల్లటి ఇంజనును ప్రారంభించి పై హోస్‌ను గమనించాలి. థర్మోస్టాట్ ఆరోగ్యంగా ఉంటే పై హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, తెరుచుకునే ఉష్ణోగ్రత రాగానే తొందరగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుండే మెల్లగా వెచ్చబడుతూ వస్తే థర్మోస్టాట్ మూసుకోవడం లేదు. ఇంజను బాగా వేడెక్కినా పై హోస్ చల్లగానే ఉంటే తెరుచుకోవడం లేదు.

తరువాత రేడియేటర్ పై హోస్‌కూ కింది హోస్‌కూ గల తేడాను కొలవాలి. ఈ తేడా ఏమి చెబుతుందో ఒక లెక్కతో చూద్దాం. పూర్తి బరువుపై నీరు 25 కిలోవాట్ల వేడిని మోయవలసి ఉన్నదనుకుందాం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.2 కిలోజౌళ్ళు కావాలి. రేడియేటర్‌లో 7 డిగ్రీల తేడా ఉంటే సెకనుకు 0.85 కిలోలు, అంటే నిమిషానికి సుమారు 51 లీటర్ల నీరు తిరగాలి. ప్రవాహం సగానికి పడిపోతే అదే వేడిని మోయడానికి తేడా 14 డిగ్రీలకు పెరుగుతుంది. అందువల్ల థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకొని, ఇంజను వేడెక్కుతూ ఉన్నప్పుడు తేడా మరీ ఎక్కువగా ఉంటే నీటి ప్రవాహం తగ్గిందని, తేడా మరీ తక్కువగా ఉంటే గాలి వైపు లోపం ఉన్నదని భావించాలి. తేలిక బరువుపై థర్మోస్టాట్ కొద్దిగానే తెరుచుకొని ఉన్నప్పుడు కూడా పెద్ద తేడా కనిపిస్తుంది. అది లోపం కాదు. రేడియేటర్ ముఖంపై అక్కడక్కడ కొలిచినప్పుడు ఒక భాగం మాత్రమే చల్లగా కనిపిస్తే ఆ గొట్టాలలో నీరు ప్రవహించడం లేదని నిర్ధారించవచ్చు.

హీటరుకు కూడా ఇదే తర్కం వర్తిస్తుంది. నిమిషానికి 6 లీటర్ల నీరు 4 కిలోవాట్ల వేడిని వదిలితే వచ్చే హోస్‌కూ పోయే హోస్‌కూ తేడా 9 నుండి 10 డిగ్రీలు ఉంటుంది. ప్రవాహం నాలుగో వంతుకు పడిపోయి, క్యాబిన్‌కు అందే వేడి సగమే అయినా, తేడా దాదాపు 19 డిగ్రీలు అవుతుంది. కనుక రెండు హోస్‌లూ వేడిగా, దాదాపు సమానంగా ఉండి గాలి మాత్రం చల్లగా వస్తే లోపం తలుపులో, బ్లోయర్‌లో లేదా హీటరు కోరు రేకుల మధ్య పేరుకున్న దుమ్ములో ఉన్నది. వచ్చే హోస్ వేడిగా, పోయే హోస్ బాగా చల్లగా ఉంటే కోరు పూడుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే కుళాయి మూసుకొని ఉండాలి, లేదా గాలి చిక్కుకొని ఉండాలి.

థర్మోస్టాట్ తీసివేయడం చికిత్స కాదు

మన ప్రాంతంలో ఎండలు ఎక్కువ కనుక థర్మోస్టాట్ అవసరం లేదనే అభిప్రాయం వాహన యజమానులలో, మెకానిక్కులలో బలంగా ఉన్నది. ఈ పద్ధతి వల్ల రెండు విధాలుగా నష్టం కలుగుతుంది.

తేలిక పనిలో, చలి వేళల్లో ఇంజను తన పని ఉష్ణోగ్రతను చేరదు. చల్లటి సిలిండరులో డీజిలు పూర్తిగా మండదు, తెల్లటి పొగ వస్తుంది, మండని ఇంధనం ఆయిలులో కలిసి దానిని పలుచన చేస్తుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. హీటరు గోరువెచ్చగా మిగులుతుంది.

బరువు పనిలో ఫలితం ఇంకా విపరీతం. అనేక ఇంజనులలో థర్మోస్టాట్‌కు రెండు పళ్ళేలు ఉంటాయి. పై పళ్ళెం రేడియేటర్ దారిని తెరిచే సమయంలో కింది పళ్ళెం బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్‌ను తీసివేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడినీటిలో గణనీయమైన భాగం రేడియేటర్‌ను చూడకుండానే తిరిగి ఇంజనులోకి చేరుతుంది. వేడిని తగ్గించడానికి చేసిన పనే ఘాటులో వేడిని పెంచుతుంది.

థర్మోస్టాట్ బాగున్నదో లేదో ఇంటి వద్దనే తెలుసుకోవచ్చు. గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి, ఉష్ణమాపకం ఉంచి మెల్లగా వేడిచేయాలి. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకోవడం మొదలుకావాలి. నీరు చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. పూర్తిగా తెరుచుకోవడానికి సాధారణంగా మరో 10 నుండి 15 డిగ్రీలు అవసరం. కొండ ప్రాంతంలో ఈ పరీక్ష చేసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 97 °సెం. వద్దనే మరిగే నీటిలో 88 °సెం. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. అక్కడ తెరుచుకోవడం మొదలైన ఉష్ణోగ్రతనే ప్రమాణంగా తీసుకోవాలి. మంచి భాగాన్ని చెడిపోయిందని పారవేయరాదు.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం వచ్చినప్పుడు

కారుడు ఎక్కడా కనిపించకుండా నీరు తరుగుతుంటే, హీటరు ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా మారుతుంటే, రేడియేటర్‌లో బుడగలు ఎడతెగక వస్తుంటే సిలిండరు వాయువులు నీటిలోకి చేరుతున్నాయని అనుమానించాలి. దీని నిర్ధారణకు రసాయన పరీక్ష ఉన్నది. రేడియేటర్ నోటి వద్ద గాలిని నీలిరంగు సూచిక ద్రావణం గుండా పీలిస్తే, అందులో కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్లయితే ద్రావణం ఆకుపచ్చగా, ఆపై పసుపుగా మారుతుంది. ప్రయోగశాలలో విద్యార్థులకు పరిచితమైన బ్రోమోథైమాల్ బ్లూ పనిచేసే సూత్రమే ఇది. డీజిలు ఇంజను ఖాళీగా నడిచేటప్పుడు పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉంటుంది కనుక రంగు మారలేదని వెంటనే నిశ్చింత పడరాదు. ఇంజను వేడెక్కి, బరువుతో నడిచిన తరువాత పరీక్షను మళ్ళీ చేయాలి. హెడ్డు విప్పడం ఖరీదైన పని. మూత, బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్, చిక్కుకున్న గాలి అన్నీ పరీక్షించి తొలగించిన తరువాతే ఆ నిర్ణయానికి రావాలి.

శుభ్రపరచడం, నింపడం

బోరు నీరు పోయడం శీతలీకరణ వ్యవస్థకు పెద్ద శత్రువు. మన రాష్ట్రాలలోని అనేక ప్రాంతాల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. వేడి ఎక్కువగా ఉండే సిలిండరు గోడపైనే సున్నపు పొర ముందుగా పేరుకుంటుంది. ఈ పొర వేడిని ఎంత తక్కువగా ప్రసరింపజేస్తుందంటే, 1 మి.మీ. పొర వేడికి కలిగించే అడ్డు సుమారు 20 మి.మీ. పోత ఇనుము కలిగించే అడ్డుతో సమానం.

పొర తేలికగా ఉంటే లీటరు నీటికి 50 గ్రాములు మించకుండా నిమ్మ ఉప్పు కలిపి, ఇంజనును కొద్దిసేపు నడిపి, చల్లారాక తీసివేసి, తేటనీరు వచ్చే వరకు పలుమార్లు కడగాలి. స్నానాల గదులు కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాడరాదు. అల్యూమినియం భాగాలు ఉన్నచోట తయారీదారు సూచించిన ద్రావణాన్నే వాడాలి. హీటరు కోరును ఇంజను నుండి విడదీసి, నీరు సాధారణంగా ప్రవహించే దిశకు వ్యతిరేక దిశలో కడగాలి. ఇందుకు 5 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుండి వచ్చే నీరు చాలు. దాని ఒత్తిడి 0.5 బార్ మాత్రమే. వాహనాలు కడిగే ప్రెషర్ పంపును దీనికి ఉపయోగిస్తే పాత కోరు పగిలిపోతుంది.

నింపడానికి ఖనిజరహిత నీరు, ఐ.ఎస్. 5759 ప్రమాణం గల కూలెంట్ వాడాలి. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం సుమారు మైనస్ 37 °సెం. వరకు గడ్డకట్టదు, సముద్ర మట్టం వద్ద సుమారు 107 °సెం. వద్ద మరుగుతుంది. మన ప్రాంతంలో నీరు గడ్డకట్టే భయం తక్కువే అయినా, తుప్పును నిరోధించే పదార్థాల కోసం కూలెంట్ తప్పనిసరి. గ్లైకాల్ మోతాదు పెరిగేకొద్దీ మిశ్రమం వేడిని మోసే శక్తి తగ్గుతుంది కనుక సగానికి మించి కలపడం వల్ల ప్రయోజనం లేదు.

నింపేటప్పుడు వాహనం ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో నిలపాలి. హీటరు కుళాయిని పూర్తిగా తెరవాలి. గాలి వదిలే మర ఉంటే దానిని విప్పి, సన్నని ధారగా పోస్తూ బుడగలు ఆగేవరకు వేచి ఉండాలి. ఒకసారి వేడెక్కించి, చల్లారాక మట్టాన్ని మళ్ళీ సరిచూడాలి. హీటరు నుండి స్థిరంగా వేడిగాలి రావడమే గాలి పూర్తిగా పోయిందనడానికి మంచి గుర్తు.

తీసిన పాత కూలెంట్‌ను కాలువలో, పశువుల తొట్టి దగ్గర పారబోయరాదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండటం వల్ల పశువులు, కుక్కలు తాగుతాయి. ఇది తీవ్రమైన విషం. మనిషికి సైతం 100 మి.లీ. ప్రాంతంలో ప్రాణాపాయం కలిగిస్తుంది. మూతగల డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా ఉంచి, వాహన సేవా కేంద్రానికి అప్పగించాలి.

ట్రాక్టరుకు అన్వయం

ఈ విధానం జీపుకే పరిమితం కాదు. దమ్ము చేసేటప్పుడు, రొటావేటరు నడిపేటప్పుడు ట్రాక్టరు తక్కువ వేగంతో పూర్తి బరువు మోస్తుంది. ముందు నుండి వచ్చే గాలి తక్కువ కనుక భారమంతా ఫ్యానుపైనే పడుతుంది. నూర్పిడి సమయంలో ఊక, తాలు, దుమ్ము రేడియేటర్ జల్లెడను గంటల వ్యవధిలోనే మూసివేస్తాయి. చాలా ట్రాక్టర్లలో హీటరు ఉండదు కనుక ముందుగా హెచ్చరించే ఆ లక్షణం లభించదు. దానికి బదులుగా పై, కింది హోస్‌ల ఉష్ణోగ్రతలను సీజను మొదట్లో, ట్రాక్టరు బాగున్నప్పుడే, ఒకే రకమైన పనిలో కొలిచి రాసి ఉంచుకోవాలి. సీజను మధ్యలో వచ్చే అంకెలను వాటితో పోల్చినప్పుడే మార్పు తెలుస్తుంది. నాట్ల వేళ ట్రాక్టరు రెండు రోజులు ఆగితే కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు; అదను తప్పుతుంది.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు సూచనలు

గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల యంత్రాల నిర్వహణలో శిక్షణ లభిస్తున్నది. గ్రామ స్థాయిలో జరిగే యంత్ర నిర్వహణ శిబిరాలలో కూడా శీతలీకరణ వ్యవస్థను రైతుల ఎదుట పరీక్షించి చూపడం ప్రయోజనకరం. ఇందుకు కావలసిన సామగ్రి టార్చి, ఉష్ణమాపకం, గిన్నె, నల్లని టేపు మాత్రమే.

ప్రతి వాహనానికీ ఒక పుస్తకం ఉంచి అందులో ఆరు అంశాలు నమోదు చేయాలి: తేదీ, చేసిన పని, బయటి ఉష్ణోగ్రత, పై హోస్ ఉష్ణోగ్రత, కింది హోస్ ఉష్ణోగ్రత, కలిపిన నీటి పరిమాణం. హీటరు గల వాహనాలలో దాని రెండు హోస్‌ల ఉష్ణోగ్రతలను కూడా చేర్చాలి. కలిపిన నీటి పరిమాణం వారం వారం పెరుగుతూ ఉంటే, ముల్లు ఇంకా మధ్యలోనే ఉన్నా, లోపం మొదలైనట్లే. ఆ దశలో గుర్తిస్తే మూతతోనో, హోస్‌తోనో పని ముగుస్తుంది. ముల్లు పైకి చేరే వరకు ఆగితే హెడ్డు విప్పవలసి వస్తుంది.